తడిగుడ్డ సంప్రదాయం

మా ఇంటికి తూర్పువైపు కిటికీ లేకపోవడం మా పూర్వీకుల తెలివితేటలట. ఫ్యాక్టరీవాళ్ల అద్దాల హాల్లో, నా ఎత్తున్న బోర్డు మీద అలా రాసి ఉంది. నేను రెండుసార్లు చదివాను. చదివింది ఊరి బడిలోనే అయినా అచ్చక్షరాలు అర్థమవుతాయి.

ఫ్యాక్టరీ పెట్టి యాభై ఏళ్లయిందని ఉత్సవాలు చేస్తున్నారు. ఆ ఊపులో, తాము మింగేసిన ఊరి చరిత్ర కూడా కాస్త చూపిద్దామని ఎవరికో బుద్ధి పుట్టింది. హాల్లో ఒక మూల మా ఊరి ఇల్లు ఒకటి కట్టారు. గోడలు చెక్కవి, పెంకులు అట్టవి. తలుపు మాత్రం నిజమైనదే. ఎవరి ఇల్లు పడగొట్టినప్పుడు పట్టుకొచ్చారో తెలియదు.

నన్ను అక్కడికి తీసుకెళ్లింది మా అబ్బాయి. వాడు ఆ ఫ్యాక్టరీలో తోటల విభాగం సూపర్‌వైజరు. పెద్దవాళ్లెవరైనా వస్తున్నారంటే ముందురోజు చెట్ల ఆకులన్నీ పైపుతో కడిగించడం వాడి ఉద్యోగం.

ఇల్లు చూశాను. తూర్పు గోడకు కిటికీ లేదు. లోపల గిన్నెలు, చెంబులు, గ్లాసులు అన్నీ బోర్లించి ఉన్నాయి. ద్వారానికి నిలువునా ఒక గుడ్డ వేలాడుతోంది. అప్పుడే తడిపినట్టు నిగనిగలాడుతోంది. ముట్టుకుంటే రేకులా గట్టిగా ఉంది. రోజూ తడపలేక దాని మీద ఏదో జిగురు పూశారట.

బోర్డు మీద మాటలు ఇవి: "ఈ ఊరివారు తరతరాలుగా తూర్పు గోడకు కిటికీలు పెట్టరు. పాత్రలు బోర్లించి ఉంచుతారు. ద్వారానికి తడిగుడ్డ కడతారు. చల్లదనాన్ని, శుభ్రతను కోరుకున్న ప్రాచీన జీవన విధానానికి ఇవి గుర్తులు."

"ఏ తరాలురా?" అన్నాను.

"మెల్లగా మాట్లాడు నాన్నా."

"ఏ తరం వాళ్లు కిటికీ పెట్టలేదు? మీ తాతా? ఆయన తూర్పు కిటికీ పక్కన కూర్చునే గడ్డం గీసుకునేవాడు."

"నాకు తెలిసినప్పటినుంచి మనింట్లో లేదుగా."

"నీకు తెలిసేసరికి నేను మూసేశాను."

నేను మేస్త్రీని. ఊళ్లో సగం ఇళ్లకు పైగా తూర్పు కిటికీల చట్రాలు పీకి, ఇటుక పేర్చి, పైన పూత పూసింది నేనే. నా తాపీ పనిని మా తాతముత్తాతల ఖాతాలో వేస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కదా?

ఈ బోర్డు రాసినవాళ్లు ఎవరని అడిగాను. ఒక అమ్మాయి వచ్చింది. మ్యూజియం అమ్మాయి అంటారట అందరూ. సన్నగా ఉంది, మెళ్లో కార్డు, చేతిలో ఫోను. చాలా మర్యాదగా నమస్కారం పెట్టింది. తిడదామని నోరు తెరిచినవాణ్ని కాస్త తగ్గాను.

"ఇది ఎవరు చెప్పారమ్మా నీకు?"

"ఊళ్లో చాలామందిని అడిగాం తాతగారూ. అందరూ ఇదే చెప్పారు. మొట్టమొదట చెప్పింది మీ అబ్బాయిగారే."

నేను వాడివైపు చూశాను. వాడు అట్టపెంకుల వైపు చూస్తున్నాడు.

ఊరి చరిత్ర కావాలంటే నాలుగు ముక్కల్లో చెప్తాను. దానికి హాలు అక్కర్లేదు. మా ఊరికి తూర్పున పొలాలుండేవి. గాలి అటునుంచే వచ్చేది. ఆ పొలాల్లో ఇనుము కరిగించే ఫ్యాక్టరీ కట్టారు. పొగగొట్టాలు వెలిగించిన వారానికి ఊళ్లో ఆరేసిన బట్టలన్నీ ఎర్రబడ్డాయి. ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. నీ చీర రంగు వెలిసి నా బట్టలకు అంటిందని ఒకామె, నీ లంగా రంగేనని ఇంకొకామె. బావి దగ్గర జుట్లు పట్టుకున్నారు. మగవాళ్లు విడదీయడానికి వెళ్లి వాళ్లూ కొట్టుకున్నారు. ఆ గొడవల్లో మాటలు మానేసిన ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. చివరికి దూడ వీపు కూడా ఎర్రగా కనపడితే అప్పుడు తలెత్తి గొట్టాల వైపు చూశాం. దూడ చీర కట్టుకోదు కదా.

ఫ్యాక్టరీ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. మా అరుగు మీద వేలితో గీత గీసి, వేలు చూసుకుని, మామూలు మట్టే అన్నాడు. వేలు రుమాలుతో తుడుచుకుని జీపెక్కాడు.

తరవాత ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. సగం ఊరు క్వార్టర్లకు వెళ్లిపోయింది. మిగిలినవాళ్లం కిటికీలు మూసుకున్నాం. ఊరి పేరు కూడా ఇప్పుడెవరూ పలకరు. బస్సు కండక్టరు "మూడో గేటు" అని అరుస్తాడు, మేం దిగుతాం.

అది కాదు నా బాధ. ఊళ్లు పోతాయి. ఆ గుడ్డ సంగతి వేరు.

గొట్టాలు వెలిగించిన ఏడాదే మా అబ్బాయి పుట్టాడు. పాలు తాగుతూ దగ్గేవాడు, నిద్రలో దగ్గేవాడు. పెదవులు నీలం తిరిగేవి. కిటికీ మూశాను. అయినా గుమ్మంలోంచి పొడి వస్తూనే ఉంది. ఒకరోజు మా ఆవిడ దుప్పటి చించి, బకెట్లో ముంచి, గుమ్మానికి కట్టింది. సాయంత్రానికి దుప్పటి ఇటుక రంగుకు తిరిగింది. పిండితే నెత్తురులాంటి నీళ్లు. "చూడు, ఇదంతా వాడి ఊపిరిలోకి పోయేది" అంది. చూడ్డానికి వచ్చిన ఆడవాళ్లు ఆ నీళ్లు చూసి ఇళ్లకు వెళ్లిపోయారు. మర్నాటికి వీధంతా గుమ్మాలకు తడిగుడ్డలు.

వాడు బతికాడు. ఆమె మాత్రం రోజుకు ఎన్నోసార్లు ఆ గుడ్డ పిండుతూ, తడుపుతూ, దులుపుతూ, దగ్గి దగ్గి పోయింది. నేను ఒంటరినై చాలా ఏళ్లయింది. బోర్డు మీద నాకు కావాల్సింది రెండు మాటలు. ఒకటి దుమ్ము. రెండోది మా ఆవిడ. ప్రాచీన జీవన విధానమట. ఆమె ప్రాచీనమా?

ఇంటికొచ్చాక వాణ్ని నిలదీశాను.

"నీకు వందసార్లు చెప్పాను కదరా, మీ అమ్మ గుడ్డ కట్టిన సంగతి."

"చెప్పావు."

"మరి?"

"నువ్వు అన్నీ చెప్తావు నాన్నా. గేటు కాపలావాడు దొంగ అంటావు, బస్సువాడు దొంగ అంటావు, ఉప్పులో కూడా దుమ్ము కలుపుతున్నారంటావు. ఏది గుర్తుపెట్టుకోను?"

మా కోడలు వంటగదిలోంచి అంది, "వదిలేయండి మావయ్యా. మన ఇల్లు అద్దాల హాల్లో పెట్టారు. ఎంతమందికి దక్కుతుంది?"

"మన ఇల్లు కాదమ్మా అది. అట్టపెట్టె."

"అట్టపెట్టే నయం. ఊడ్చక్కర్లేదు" అంది.

రెండు రోజులకు మ్యూజియం అమ్మాయి మా ఇంటికి వచ్చింది. నేనే రమ్మన్నాను. ఉలి, సుత్తి సిద్ధంగా పెట్టుకున్నాను. ఆమె కూర్చోకముందే తూర్పు గోడ మీద నాలుగు దెబ్బలు వేశాను. పూత పెళ్లలుగా రాలింది. పాత కిటికీ పైదూలం చెక్క బయటపడింది, దాని కింద నేను పేర్చిన ఇటుకలు. ఇల్లంతా తెల్లపొడి. మా కోడలు చీపురు నేలకేసి కొట్టి వెళ్లిపోయింది.

ఆ అమ్మాయి ఫొటోలు తీసుకుంది. తుమ్ముకుంటూనే తీసుకుంది.

"కిటికీ ఉండేదని ఒప్పుకుంటాను తాతగారూ. కానీ ఎందుకు మూశారో ఇటుకలు చెప్పవు కదా."

"నేను చెప్తున్నాను కదమ్మా."

"మీరొక్కరే చెప్తున్నారు. మిగతా అందరూ ఇంకోలా చెప్పారు. ఒక్కరి మాట మీద బోర్డు మారిస్తే నన్ను పిలిచి అడుగుతారు. ఆ రోజుల్లో పెద్దవాళ్లయి ఉన్నవాళ్లు ఇంకొక్కరు మీతో కలిపి ఇదే మాట చెబితే చాలు. మార్చేస్తాను."

"దుమ్ము అని రాస్తే మీ పైవాళ్లు ఊరుకుంటారా?"

"పాత దుమ్మే కదా. ఇప్పుడు మేం ఫిల్టర్లు పెట్టాం అని పక్కన రాసుకుంటారు. వాళ్లకు అదీ ఒక గొప్పే."

తప్పు ఆ పిల్లది కాదు. పట్టుకోవడానికి చాలాసేపు వెతికాను, దొరకలేదు. హాల్లో ఉన్నది నమూనా బోర్డే, అసలుది అచ్చుకు వెళ్లేలోగా ఎవరినైనా చూపించండి అని చెప్పి, తలలోంచి సున్నం దులుపుకుంటూ వెళ్లింది.

ఒక్క మనిషి. ఊరంతా దుమ్ము తిన్నవాళ్లే, ఒక్కడు దొరకడా అనుకున్నాను. నా అంత వెర్రివాడు లేడు.

ముందు టీకొట్టువాడి దగ్గరికి వెళ్లాను. నా ఈడువాడే. మేమిద్దరం కలిసి బావి దగ్గర తన్నులు తిన్నాం కూడా.

"దుమ్మా? ఏ దుమ్ము?" అన్నాడు, బల్ల తుడుస్తూ.

"నీ చేతిలో గుడ్డకున్నది."

"ఇది టీ మరక మేస్త్రీ."

"టీ ఎర్రగా ఉంటుందా?"

"మా టీ ఉంటుంది. చిక్కగా కాస్తాం."

"నీ కిటికీలు మూసింది నేను కాదట్రా?"

"మూశావు. వంకరగా మూశావు. ఆ గోడకు ఇప్పటికీ మేకు దిగదు."

గ్లాసు నా ముందు పెట్టి, గొంతు తగ్గించాడు. "పైన గదులు వేసి అద్దెకిచ్చుకున్నాను. ఊళ్లో దుమ్ముందని నేనే బోర్డెక్కి చెబితే ఎవడొచ్చి ఉంటాడు?"

"ఉండేవాళ్లు ఆ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లే కదా. వాళ్లకు తెలియదా దుమ్ము సంగతి?"

"వాళ్లకు తెలుసు. వాళ్ల పెళ్లాలకు తెలియదు."

టీ తాగకుండా లేచాను. వాడు ఆ టీనే పక్కవాడి ముందుకు జరపడం చూశాను.

తరవాత మా బావ. మా చెల్లెలి మొగుడు. ముప్ఫై ఏళ్లకు పైగా ఫ్యాక్టరీలో క్రేను నడిపాడు. ఇప్పుడు మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుంటాడు. పడుకుంటే ఊపిరాడదు. నోరు మాత్రం తగ్గలేదు.

"తడిగుడ్డతో గొంతు కోయడం విన్నాను గానీ బావా, తడిగుడ్డతో చరిత్ర రాయడం ఇప్పుడే వింటున్నా" అని తన జోకుకు తనే నవ్వి, దగ్గు వచ్చి, చాలాసేపు దగ్గాడు. మా చెల్లెలు వీపు నిమిరింది.

"చూశావా? ఈ దగ్గు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆ ముక్క చెప్పు ఆ అమ్మాయికి" అన్నాను.

"చెప్పను."

"తెలుసు కదా నీకు."

"తెలుసు. నాకు తెలిసినంత నీకు కూడా తెలియదు. ఆ ఎర్రపొడి బండ్లలోంచి ఎత్తి గుట్టల మీద పోసింది ఎవరు? నేను. పైనుంచి పోస్తే గాలికి లేచి ఊరి మీదికి పోయేది. క్రేను గదిలో కూర్చుని చూసేవాణ్ని. మీ ఇంటి కప్పు కూడా కనపడేది."

"నువ్వు పోయకపోతే ఇంకొకడు పోసేవాడు."

"పోసేవాడు. కానీ పోసింది నేను. ఇప్పుడు నా మనవరాలు ఆ హాలుకెళ్లి బోర్డు చదివి, ఈ దుమ్ము ఎవరు పోశారు తాతా అంటే ఏం చెప్పను? చల్లదనం కోసం గుడ్డలు కట్టుకున్నాం. పోనీ బావా. ఎవరికి నష్టం?"

"మీ చెల్లెలికి." మా ఆవిడను అతను చెల్లెలా అని పిలిచేవాడు.

దిండు సర్దమని మా చెల్లెలితో అన్నాడు. అతని మీద జాలి పడాలని నాకు తెలుసు. పడలేదు.

ఇంకా ఒకరిద్దరి దగ్గరికి వెళ్లాను. ఒకాయన నన్ను గుర్తుపట్టలేదు. ఇంకొకామె, మా అత్తగారి కాలం నుంచీ కడుతున్నాం నాయనా అని ఒట్టు వేసి చెప్పింది. ఆమె అత్తగారింటి కిటికీలో ఆమె ఎదుటే ఇటుక పెట్టాను నేను. ఆమె అబద్ధం ఆడటం లేదు. నిజంగా నమ్ముతోంది. అబద్ధాలకోరుతో వాదించవచ్చు. ఈమెతో ఏం వాదిస్తాం? నెత్తీ నోరూ కొట్టుకుని ఇంటికొచ్చాను.

ఇక మిగిలింది మా వదిన. మా ఆవిడకు సొంత అక్క.

ఆవిడతో నాకు మాటల్లేవు. ఫ్యాక్టరీ వచ్చిన కొత్తలోనే మొగుడికి అందులో ఉద్యోగం రాగానే క్వార్టర్లకు వెళ్లిపోయింది. చెల్లెలు మంచాన పడితే కబుర్లు పంపింది గానీ కాలు కదపలేదు. పోయిన మర్నాడు వచ్చి వీధి వీధంతా వినపడేలా ఏడ్చింది. ఆ తరవాత నేను ఆ గడప తొక్కలేదు. ఇప్పుడు తొక్కాల్సి వచ్చింది.

క్వార్టర్లు ఫ్యాక్టరీకి అవతలివైపు. గాలి ఎప్పుడూ అటునుంచి ఇటే వీస్తుంది గానీ అటు పోదు. తెలిసే కట్టారు. వదిన ఇంట్లో కిటికీలన్నీ బార్లా తీసి ఉన్నాయి. తెల్లటి పరదాలు. బల్ల మీద గ్లాసులు నిటారుగా పెట్టి ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది.

"ఏం మరిదీ, దారి తప్పావా?"

"పనుండి వచ్చాను."

"పని లేకుండా నువ్వెప్పుడొచ్చావు గనక. కూర్చో. కుర్చీ కరవదు."

కూర్చోలేదు. సంగతి చెప్పాను. ఆవిడ పూర్తిగా విని, పరదా పక్కకు లాగింది.

"దుమ్మే. దుమ్ము కాక మరేమిటి? నా పెళ్లినాటి పట్టుచీర ఆ పొడితోనే పాడైంది. వచ్చి చెప్తాను. నాకేం భయం? ఆయన పోయాడు, పింఛను ఆగదు."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని నేననుకోలేదు. కూర్చున్నాను.

"అయినా ఆ గుడ్డ కట్టింది నేనే కదా" అంది ఆవిడ.

"ఏమిటి?"

"నా దుప్పటే కదయ్యా అది. నీలం చారలది. పిల్లాడికని నేనిచ్చింది. చించి, తడిపి, ఇలా కట్టవే అని చూపించింది నేను. దానికి అంత ఆలోచన ఎక్కడిది, పిచ్చిది."

"దుప్పటి నీది. చించింది ఆమె, కట్టింది ఆమె. ఆ రోజు నువ్వు మా ఇంట్లో లేవు."

"నువ్వున్నావా? నువ్వు ఎవరింటి గోడ మీదో ఉన్నావు."

"సాయంత్రం నేనొచ్చేసరికి కట్టి ఉంది. నేనే కట్టానని ఆమె చెప్పింది."

"చెప్తుంది. మొగుడి దగ్గర ఆ మాత్రం గొప్ప చెప్పుకోనివ్వవా?"

మా ఆవిడ గొప్పలు చెప్పే మనిషి కాదు. నాకు తెలుసు. ఆవిడకూ తెలుసు.

"ఆమెను ఇక్కడికి పంపమని ఎన్నిసార్లు కబురంపాను" అంది వదిన. "ఇదిగో, ఈ కిటికీ పక్కన పడుకోబెట్టేదాన్ని."

"రానన్నది ఆమె."

"అననిచ్చింది నువ్వు."

లేచాను. గుమ్మం దాకా వెళ్లాక ఆవిడే అంది, "నేను వస్తే నేను చేసింది చేసినట్టు చెప్తాను మరిదీ. అది ఇష్టమైతే ఆ అమ్మాయిని పిలు. లేకపోతే నేనేమీ చూడలేదు, నాకేమీ గుర్తులేదు."

బస్సులో పళ్లు నూరుకుంటూ వచ్చాను. మూడో గేటు దాటి ఇంకో స్టాపు వెళ్లిపోయి, వెనక్కి నడిచాను. నడుస్తున్నంతసేపూ ఒకటే లెక్క. వదిన రాకపోతే దుమ్మూ లేదు, ఆమే లేదు. వస్తే దుమ్మైనా మిగులుతుంది. అమ్మాయి ఎదుట ఆవిడ నోరు మూయించవచ్చు, ముందు రానీ అనుకున్నాను. పిలిచాను.

వదిన మంచి చీర కట్టుకుని వచ్చింది. మ్యూజియం అమ్మాయి ఫోను ఒక పుస్తకానికి ఆనించి పెట్టింది. మా అబ్బాయి సెలవు పెట్టుకుని మూల కుర్చీలో కూర్చుని తన ఫోను చూసుకుంటున్నాడు. మా కోడలు పెద్దత్తగారికి మజ్జిగ ఇచ్చింది.

ఒక సంగతి ఒప్పుకోవాలి. వదిన బాగా చెప్పింది. బావి దగ్గర తగాదాలు, ఎర్రబడిన దూడ, వేలు తుడుచుకున్న పెద్దమనిషి, ఒక్కటీ వదల్లేదు. ఆరేసిన బట్టలు తీసేటప్పుడు దులిపితే ఎలా పొగలా లేచేదో చేత్తో చూపించింది. నేను అవే మాటలు చెబితే ఎవడూ చెవి ఒగ్గడు. ఆవిడ చెబుతుంటే గదిలో ఫ్యాను చప్పుడు కూడా తగ్గినట్టుంది.

"పసిబిడ్డ ముక్కులో దూది పెట్టి తీస్తే ఎర్రగా వచ్చేది తల్లీ. పెదవులు నీలం. ఎక్కిళ్లు పెట్టినట్టు దగ్గేవాడు. ఈ రాత్రి గడుస్తుందా అనుకునేవాళ్లం."

మా అబ్బాయి ఫోను పక్కన పెట్టాడు. "ఎవరా బిడ్డ పెద్దమ్మా?"

"ఎవరేమిట్రా? నువ్వే."

వాడి మొహం చూశాను. వాడికి ఇది కొత్త సంగతి. ఇదే ముక్క నేను వాడికి అన్నం దగ్గర, బస్సులో, వాడి పెళ్లిలో కూడా చెప్పాను. నా మాటలు ఎక్కడికి పోయాయో మరి.

"మరి గుడ్డ కట్టాలన్న ఆలోచన ఎవరిది అమ్మమ్మగారూ?" అంది అమ్మాయి.

"నాదే" అంది వదిన, కళ్లు ఒత్తుకుంటూ. "నా దుప్పటి చించి, నా చేతుల్తో కట్టాను. ఆ పూటనుంచే వీడి దగ్గు తగ్గుముఖం పట్టింది. మా చెల్లెలు పక్కన నిలబడి ఏడుస్తోంది, పాపం."

మా అబ్బాయి కుర్చీలోంచి లేచి వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. "అయితే నన్ను బతికించింది నువ్వా పెద్దమ్మా?" అన్నాడు. ఆవిడ వాడి తల మీద చెయ్యి వేసింది.

అమ్మాయి నావైపు తిరిగింది. "తాతగారూ, మీరు మొన్న మీ ఆవిడగారు కట్టారని చెప్పారు."

"అవును, చెప్పాను."

"ఇద్దరి మాటా ఒకటి కావాలి. మీరొకటి, ఆమె ఒకటి చెబితే, పెద్దవాళ్లు మరిచిపోయారు అని మొత్తం పక్కన పెడతారు. పాత బోర్డే వెళ్లిపోతుంది." ఆ పిల్ల ఇబ్బందిగానే అంది. "సాయంత్రం అచ్చుకు పంపాలి."

వదిన నన్ను చూసింది. ఏమీ గుర్తులేని మొహం అప్పుడే తయారుగా పెట్టుకుని ఉంది.

నేను ఏం చేయాలి? మా ఆవిడ పేరు పట్టుకుని కూర్చుంటే, ఆ హాలుకు వచ్చినవాళ్లంతా మా ఊరివాళ్లు తెలివిగా చల్లగా బతికారని చదువుకుని పోతారు. ఆమె దేనికి పోయిందో ఆ మాటే ఉండదు.

"ఆవిడ చెప్పిందే" అన్నాను.

"మీ వదినగారే కట్టారా?"

"అదే చెప్తున్నాను కదమ్మా. ఎన్నిసార్లు చెప్పాలి?"

అమ్మాయి అక్కడే రాసి చదివి వినిపించింది. "ఫ్యాక్టరీ నుంచి వచ్చే ఎర్రటి దుమ్ము వల్ల ఈ ఊరివారు తూర్పు కిటికీలు మూసుకున్నారు. దుమ్ము నుంచి పసిబిడ్డను కాపాడటానికి ఒక గృహిణి తన చెల్లెలి ఇంటి గుమ్మానికి తొలి తడిగుడ్డ కట్టింది." దుమ్ము రెండుసార్లు వచ్చింది. నేను లెక్కపెట్టాను. బాగుందన్నాను. వదిన, గృహిణి అంటే తనే అని అందరికీ తెలుస్తుందా, ఫొటో ఏమైనా వేస్తారా అని అడిగింది. అమ్మాయి ఆవిడ ఫొటో తీసుకుంది. నాది కూడా తీస్తానంటే వద్దన్నాను.

అమ్మాయి కారు వీధి మలుపు తిరిగేదాకా ఆగాను. పని అయింది. ఇక అబద్ధం మొయ్యాల్సిన అవసరం నాకు లేదు.

"ఒరేయ్" అన్నాను. "గుడ్డ కట్టింది మీ అమ్మ. ఈవిడ కాదు."

వాడు నన్ను వింతగా చూశాడు. "ఇందాకే ఆ అమ్మాయి ముందు అవునన్నావు కదా నాన్నా."

"దుమ్ము అని రాయాలని అన్నాను."

"అయితే అబద్ధం చెప్పావా?"

"చెప్పాను."

"ఇందాక చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా?"

"నీకు చిన్నప్పటినుంచి చెప్తున్నది నిజం."

"పెద్దమ్మ ఏడుస్తూ చెప్పింది నాన్నా" అన్నాడు వాడు. ఎప్పుడూ లేనంత మెత్తగా అన్నాడు. జ్వరం వచ్చిన మనిషితో మాట్లాడినట్టు. "అమ్మ అంటే నీకెంత ఇష్టమో నాకు తెలుసు. కానీ ఆవిడ చేసింది కూడా ఒప్పుకోవాలి కదా."

వదిన మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. "వదిలేయ్‌రా. వయసు మీద పడింది. ఒకటి గుర్తుంటుంది, ఒకటి ఉండదు" అంది. ఆవిడ నాకంటే పెద్దది.

నేను ఇంకా ఏదో అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను. మా కోడలు వచ్చి, వీధిలోకి వినపడుతోంది మావయ్యా అంది. వదిన చీర కుచ్చిళ్లు సర్దుకుని లేచింది. ఆవిడను బస్సెక్కించి వస్తానని వాడు చెప్పులు వేసుకున్నాడు. గుమ్మం దిగుతుంటే ఆవిడకు చెయ్యి అందించాడు.

ఆ వీధిలో వాడు మాతో నడిచినప్పుడు ఎప్పుడూ పది అడుగులు ముందుండేవాడు. మా ఆవిడ వెనకనుంచి పిలిచేది, ఆగరా అని. ఇప్పుడు ఆ ముసలావిడ నడకకు నడక కలిపి, తల వంచి ఏదో వింటూ వెళ్తున్నాడు. మలుపు దగ్గర నుంచి దుమ్ము లేచింది. వాడు తన చేతిరుమాలు తీసి ఆవిడ ముక్కుకు అడ్డం పెట్టాడు.